ముట్టుకుంటే ఔట్

సాఫ్ట్‌బాల్‌లో స్ట్రైకులు, బాల్సు లెక్కపెట్టడం కొన్ని సీజన్లు గడిచేసరికి ఏ అంపైరుకైనా అలవాటైపోతుంది. బంతి ముందొచ్చిందా, కాలు ముందు పడిందా చూసి ఔటో సేఫో చెప్పడమూ అంతే. అసలు పరీక్ష ఇద్దరు మనుషులు ఒకే చోటికి ఒకేసారి వచ్చినప్పుడు మొదలవుతుంది. బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ వస్తోంది. అందుకోవడానికి రెండో, మూడో బేస్‌ల మధ్య కాపలా కాసే ఫీల్డర్, షార్ట్‌స్టాప్, నాలుగడుగులు ముందుకు దూకింది. రెండో బేస్ నుంచి మూడో బేస్‌కు పరిగెడుతున్న రన్నరూ సరిగ్గా అక్కడికే వచ్చింది. భుజాలు రాసుకున్నాయి, బంతి చేతికి చిక్కకుండా వెనక్కి పోయింది. రెండు జట్ల వాళ్లూ ఒక్కసారే అరుస్తారు, ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు. ఎవరు ఎవరికి అడ్డొచ్చారో అంపైర్ అక్కడికక్కడే తేల్చాలి.

దీనికి రూల్ బుక్‌లో ఉన్న సమాధానం నాకు ఎంతో నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో ఇద్దరికీ న్యాయం ఉంది. కొట్టిన బంతిని ఆడుతున్న ఫీల్డర్‌కు దారి వదలాల్సింది రన్నరే. వదలకపోతే ఇంటర్‌ఫియరెన్స్. అంపైర్ రెండు చేతులూ పైకెత్తి డెడ్ బాల్ అంటాడు, ఆట అక్కడే ఆగిపోతుంది, అడ్డొచ్చిన రన్నర్ ఔట్. మిగతా రన్నర్లు అప్పటికి ఏ బేస్ తాకి ఉన్నారో అక్కడికి వెనక్కి వెళ్లాలి. డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు ఔటవడం, తప్పించడానికే అడ్డుపడిందని అంపైరుకు అనిపిస్తే ఇంకొకరిని కూడా ఔట్ ఇస్తాడు. అదే ఫీల్డర్ చేతిలో బంతి లేదు, బంతిని ఆడే స్థితిలోనూ లేదు, ఊరికే వచ్చి రన్నర్ దారిలో నిలబడిందనుకోండి, అప్పుడది అబ్‌స్ట్రక్షన్. తప్పు ఫీల్డర్‌ది. ఇక్కడ అంపైర్ ఆటను ఆపడు. ఎడమ చెయ్యి పక్కకు చాచి, పిడికిలి బిగించి, చివరిదాకా సాగనిస్తాడు. ఆట ముగిశాక, ఆ అడ్డు లేకపోతే రన్నర్ ఏ బేస్ చేరేదో ఆలోచించి అక్కడికి పంపుతాడు.

చూసేవాళ్లకు ఎక్కువ కోపం తెప్పించేది ఉద్దేశం సంగతి. రన్నర్ కావాలని అడ్డుపడలేదు, తల వంచుకుని పరిగెడుతోంది, ఫీల్డర్‌ను చూడనే లేదు. అయినా ఔటే. కొట్టిన బంతి విషయంలో ఉద్దేశంతో పని లేదు, అడ్డొచ్చిందా లేదా అన్నదొక్కటే లెక్క. అదే ఫీల్డర్ విసిరిన బంతి రన్నర్ వీపుకు తగిలితే మాత్రం, కావాలని తగిలించుకుందని అంపైర్ నమ్మితే తప్ప ఔట్ ఇవ్వకూడదు. కారణం ఆలోచిస్తే కనిపిస్తుంది. కొట్టిన బంతి ఎటు పోతోందో రన్నర్ కళ్ల ముందే ఉంటుంది. విసిరిన బంతి చాలాసార్లు వెనక నుంచి వస్తుంది. వీపుకు కళ్లుండవు కదా. బల్లల మీద కూర్చుని అరిచే తల్లిదండ్రులకు ఈ తేడా చెప్పేంత వ్యవధి ఏ అంపైరుకూ దొరకదు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో శనివారం పొద్దున్నే మడత కుర్చీలేసుకుని కూతురి ఆట చూసే మన తెలుగు అమ్మానాన్నలకూ, ఇక్కడ జిల్లా స్కూల్ గేమ్స్‌లో పిల్లల్ని దింపే పీఈటీ సార్లకూ ఈ గొడవ కొత్త కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, ముందు ముందు అవసరం పడుతుంది. అంపైర్ తన కంటితో చూసి ఇచ్చిన తీర్పు మీద కోచ్ ప్రొటెస్ట్ వెయ్యడానికి లేదు. తగిలిందా, అడ్డొచ్చిందా, కావాలని చేసిందా అన్నవన్నీ అంపైర్ విచక్షణకే వదిలేశారు. కానీ అంపైర్ రూల్‌నే తప్పుగా అమలు చేస్తే వెయ్యొచ్చు. అది కూడా తర్వాతి బంతి పిచ్ కాకముందే. ఆ ఒక్క బంతి పడిందంటే తప్పు తీర్పు కూడా నిలబడిపోతుంది.

అడ్డుపడటం గురించి ఇంత రాసిన రూల్ బుక్, సాయపడటం గురించి కూడా రాసింది. ఒకటో బేస్, మూడో బేస్ పక్కన బ్యాటింగ్ జట్టు కోచులు నిలబడి ఉంటారు. ఆగమని, పరిగెత్తమని చేత్తో సైగ చెయ్యొచ్చు, గొంతు చించుకుని అరవొచ్చు. పరిగెడుతున్న రన్నర్‌ను పట్టుకోకూడదు, తొయ్యకూడదు, వెనక్కి లాగకూడదు. అలా సాయం చేస్తే రన్నర్ ఔట్. బేస్ దాటి ముందుకు జారిపోయిన పిల్లను కోచ్ చెయ్యి పట్టి వెనక్కి లాగితే అవతలి జట్టుకు దక్కాల్సిన ఔట్ పోతుంది కాబట్టి ఈ రూల్ ఉండాల్సిందే. చిన్న పిల్లల జట్లలో కూడా మొదటి వారమే ఇది నేర్పుతారు, సొంత మనిషి ముట్టుకుంటే ఔట్ అని. ఆట మానేసి ఎన్నేళ్లయినా ఇది మరిచిపోనివాళ్లు ఉంటారు, అంతగా ఒంటబడుతుంది.

2008 ఏప్రిల్ 26న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎలెన్స్‌బర్గ్‌లో జరిగిన ఆటకు ఈ రూలే ప్రాణం. సెంట్రల్ వాషింగ్టన్ యూనివర్సిటీ సొంత మైదానం. వచ్చినవాళ్లు వెస్టర్న్ ఒరెగాన్ యూనివర్సిటీ అమ్మాయిలు. ఆ రోజు రెండు ఆటలు. మొదటిది వెస్టర్న్ ఒరెగాన్ గెలిచింది. సెంట్రల్ వాషింగ్టన్‌కు ప్లేఆఫ్ ఆశ మిగలాలంటే రెండోది గెలిచి తీరాలి. వాళ్ల ఒకటో బేస్ ఫీల్డర్ మలరీ హోల్ట్‌మన్‌కు అది కాలేజీలో ఆఖరి సీజన్. ఆ రెండు జట్లూ ఆడే కాన్ఫరెన్స్ చరిత్రలోనే అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు కొట్టిన అమ్మాయి ఆమె. ఎన్ని రికార్డులున్నా జాతీయ టోర్నమెంట్ ఒక్కసారీ ఆడలేదు. ఆ రోజు ఓడిపోతే ఆ అవకాశం ఇక రానట్టే.

రెండో ఇన్నింగ్స్. అప్పటికి ఎవరికీ పరుగుల్లేవు. వెస్టర్న్ ఒరెగాన్ రన్నర్లు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. బ్యాట్ పట్టుకుని వచ్చింది సారా టుకోల్‌స్కీ. అయిదడుగుల రెండంగుళాల మనిషి. ఆమెకూ అది ఆఖరి సీజనే. నాలుగేళ్లూ జట్టులో ఉంది కానీ రోజూ ఆడించేంత బ్యాటర్ అని ఎవరూ అనుకోలేదు. ఆ సీజన్‌లో అంతకుముందు 34 సార్లు బ్యాటింగ్‌కు దిగితే మూడే హిట్లు. హైస్కూల్లో గానీ కాలేజీలో గానీ జీవితంలో ఒక్క హోమ్ రన్ కొట్టలేదు.

ఒక స్ట్రైక్ పడింది. ఆ తర్వాత వచ్చిన బంతిని ఆమె ఒళ్లంతా తిప్పి కొట్టింది. బంతి సెంటర్ ఫీల్డ్ కంచె మీదుగా అవతల పడింది.

కంచె దాటిన బంతికి ఇక ఆట లేదు. రన్నర్లకూ బ్యాటరుకూ హోమ్ ప్లేట్ దాకా హక్కు వచ్చేస్తుంది, ఎవరూ ఔట్ చెయ్యడానికి ప్రయత్నించరు. నడిచి వెళ్లినా అడిగేవాళ్లుండరు. కానీ నాలుగు బేసులూ వరసగా కాలితో తాకాలి, ఒక్కటి వదిలేసినా అవతలి జట్టు అప్పీలు చేస్తే ఔట్. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు. ముందున్న ఇద్దరూ హోమ్ ప్లేట్ తొక్కి, మూడో మనిషిని కౌగిలించుకోవడానికి వెనక్కి తిరిగి చూశారు. మూడో మనిషి రావడం లేదు.

సారా బంతి వంక చూస్తూ సంబరంలో ఒకటో బేస్ తాకకుండానే దాటేసింది. ఆరడుగులు పోయాక గుర్తొచ్చి, ఆగి, వెనక్కి తిరిగింది. పాదం నేలలో నాటుకున్నట్టు ఆగిపోయింది, ఒళ్లు తిరిగింది, కుడి మోకాలు తిరగలేదు. లోపలి లిగమెంట్ తెగింది. అక్కడే కూలబడింది. పాక్కుంటూ వచ్చి బేస్‌ను చేత్తో పట్టుకుంది. పదిహేను అంగుళాల చదరపు తెల్ల సంచి అది, నేలకు బిగించి ఉంటుంది. దాన్ని పట్టుకుని మట్టిలో పడుకుని ఏడుస్తోంది. ముందింకా 180 అడుగులున్నాయి.

వెస్టర్న్ ఒరెగాన్ కోచ్ పామ్ నాక్స్ పరిగెత్తుకొచ్చింది. పక్కనే బేస్ కోచ్ ఉంది. డగౌట్ గడప మీద జట్టంతా ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని ఒకరికొకరు చెప్పుకున్నారు. చిన్నప్పుడు మొదటి వారం నేర్చుకున్న రూల్ అందరికీ గుర్తుంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లను చూస్తూ, రోజూ ఆమెతో తిన్నవాళ్లు, ప్రయాణం చేసినవాళ్లు, ముట్టుకోలేక నిలబడిపోయారు. ఈ కథ విన్న ప్రతిసారీ నా మనసు ఆ చోటే ఆగిపోతుంది.

నాక్స్ అంపైర్ల దగ్గరికి వెళ్లింది, ఏం చెయ్యొచ్చని అడిగింది. సొంత జట్టు వాళ్లు సాయం చేస్తే సారా ఔట్ అన్నారు. క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇలాంటప్పుడు రన్నర్ గుర్తొస్తాడు, 2011లో ఐసీసీ ఎత్తేసేదాకా అంతర్జాతీయ క్రికెట్‌లో ఆ పద్ధతి ఉండేది. సాఫ్ట్‌బాల్‌లోనూ బదులు రన్నర్‌ను దింపొచ్చని అంపైర్లు చెప్పారు. అయితే ఆ అమ్మాయి ఒకటో బేస్ దగ్గరే ఆగాలన్నారు. సారా చేరింది అక్కడిదాకానే కాబట్టి ఆమె కొట్టింది సింగిల్‌గా రాసుకుంటారు. ముందున్న ఇద్దరి పరుగులూ ఉంటాయి, హోమ్ రన్ పోతుంది.

నాక్స్ ఏ కోచూ కోరుకోని చోట ఇరుక్కుంది. ఆ పిల్ల జీవితంలో కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్‌ను చెరిపెయ్యడమా, లేక మోకాలి లిగమెంట్ తెగిన మనిషిని ఇంకో 180 అడుగులు పాకమనడమా. బదులు రన్నర్‌ను దింపడానికే ఆమె మనసు కుదుర్చుకుంది.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. మేం ఎత్తుకుని తీసుకెళ్తే పర్వాలేదా అని అడిగింది మలరీ హోల్ట్‌మన్. అవతలి జట్టు అమ్మాయి.

అంపైర్లకు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఫీల్డర్ రన్నర్‌కు అడ్డుపడితే ఏం చెయ్యాలో రూల్ బుక్‌లో పేజీలకు పేజీలున్నాయి. ఫీల్డర్ రన్నర్‌ను ఎత్తుకుని తీసుకెళ్తే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. అలా జరుగుతుందని రూల్ రాసినవాళ్లకు తట్టలేదు. వద్దనే రూల్ లేదు కాబట్టి సరే అన్నారు.

హోల్ట్‌మన్, షార్ట్‌స్టాప్ లిజ్ వాలెస్ చెరో వైపు నిలబడి సారాను ఎత్తుకున్నారు. ఆమె చేతులు వాళ్ల భుజాల మీదుగా వేసుకుంది. రెండో బేస్ దగ్గర ఆగారు. మెల్లగా కిందికి దించారు. బాగున్న ఎడమ కాలి మునివేళ్లు సంచికి తగిలాక మళ్లీ పైకి లేపారు. మూడో బేస్ దగ్గరా అంతే. దారిలో, చూసేవాళ్లకు తాము ముగ్గురూ ఎలా కనిపిస్తున్నామో అనుకుని నవ్వుకున్నారట. హోమ్ ప్లేట్ చేరేసరికి స్టాండ్లలో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వెస్టర్న్ ఒరెగాన్ పిల్లలు ఏడుస్తున్నారు. సారా ఎడమ కాలు ప్లేట్‌ను తాకగానే ఆమెను జట్టు చేతుల్లో పెట్టి, హోల్ట్‌మన్, వాలెస్ తిరిగి తమ ఫీల్డింగ్ చోట్లకు వెళ్లిపోయారు. స్కోరు 3-0. ఆ మూడో పరుగును తమ మీద తామే మోసుకొచ్చి ఇచ్చారు.

అదే ఇన్నింగ్స్‌లో సెంట్రల్ వాషింగ్టన్ రెండు పరుగులు చేసింది. చివరికి 4-2తో ఓడిపోయింది. ప్లేఆఫ్ ఆశ అక్కడితో పోయింది. బంతిని కంచె దాటించింది కాబట్టి ఆ హోమ్ రన్ సారాకు దక్కాల్సిందే, తన స్థానంలో ఎవరున్నా ఆ పనే చేసేవాళ్లన్నది హోల్ట్‌మన్ మాట. ఎవరున్నా చేసేవాళ్లన్నది నేను ఒప్పుకోను. సీజన్ చేజారిపోతుంటే, తమ మీదే కొట్టిన బంతికి ఆ మాట నోట రావాలంటే ఎంత గుండె కావాలి!

తర్వాత ఆ కథ దేశమంతా పాకింది. ఆ ఏడాది ఎస్పీ (ESPY) క్రీడా అవార్డుల్లో బెస్ట్ మూమెంట్ వాళ్లదే. హోల్ట్‌మన్, సారా కలిసి ఊరూరా తిరిగి ప్రసంగాలు చేశారు. హోల్ట్‌మన్ అదే యూనివర్సిటీ జట్టుకు కోచ్ కూడా అయింది. స్పోర్ట్స్‌మన్‌షిప్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పాల్సి వస్తే అమెరికాలో ఎంతోమంది కోచులు ఈ కథే చెబుతారు. చెప్పి, హోమ్ ప్లేట్ దగ్గర ఆపేస్తారు.

ఆపకూడదు. ఆట అయిపోయాక రూల్ బుక్ తీసి చూస్తే తేలిన సంగతి ఒకటుంది. ఆ రోజు అమల్లో ఉన్న కాలేజీ సాఫ్ట్‌బాల్ రూల్స్ ప్రకారం, తనకు హక్కుగా వచ్చిన బేస్‌లకు గాయం వల్ల బ్యాటర్ వెళ్లలేకపోతే, బదులు ప్లేయర్‌ను దింపొచ్చు. ఆ బదులు ప్లేయర్ ఒకటో బేస్ దగ్గర ఆగక్కర్లేదు. మిగిలిన బేస్‌లన్నీ తాకుతూ హోమ్ ప్లేట్ దాకా వెళ్లొచ్చు. హోమ్ రన్ హోమ్ రన్‌గానే, కొట్టిన మనిషి పేరు మీదే ఉంటుంది. అంటే సింగిల్‌గా రాసుకోవాల్సి వస్తుందని అంపైర్లు చెప్పింది తప్పు. అది కంటితో చూసి ఇచ్చిన తీర్పు కాదు, రూల్‌ను తప్పుగా చెప్పడం. నాక్స్ ప్రొటెస్ట్ వెయ్యొచ్చు. అంపైర్లకు, రెండు జట్ల కోచులకు, డగౌట్లలో ఉన్న పాతిక ముప్పై మంది ప్లేయర్లకు, ఎవరికీ ఆ వాక్యం తట్టలేదు.

ఆ వాక్యం ఒక్కరికి గుర్తొచ్చి ఉన్నా, డగౌట్ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఆమె పేరు అంపైరుకు చెప్పిన క్షణం నుంచి సారా ఇక రన్నర్ కాదు. రన్నర్ కాని మనిషిని ఎత్తుకుంటే ఔట్ ఇవ్వడానికి ఎవరూ లేరు. బేస్ పట్టుకుని ఏడుస్తున్న ఆ పిల్లను నాక్స్ ముట్టుకోవచ్చు, బేస్ కోచ్ ముట్టుకోవచ్చు, ముట్టుకోలేక నిలబడిపోయిన ప్రతి ఒక్కరూ ముట్టుకోవచ్చు.